వానకు గడి లేదు

రెండువేల ఇరవై ఒకటో సంవత్సరం, సెప్టెంబరు పద్నాలుగో తేదీ, మంగళవారం. ముందురోజు మధ్యాహ్నం పట్టిన వాన తెల్లవారినా తెరిపి ఇవ్వలేదు. గాలి లేదు. నీరు నిలువుగా, తొందరపడకుండా, ఇంకా చాలా ఉందన్నట్టుగా పడుతోంది.

ముప్పయి నాలుగేళ్లపాటు నల్లబల్ల కుడి మూల తేదీ, ఎడమ మూల హాజరు సంఖ్య రాయనిదే పాఠం మొదలుపెట్టని వాణ్ణి. అందుచేత ఈ కథను కూడా తేదీతోనే ఎత్తుకున్నాను. వాతావరణం మాత్రం బడిలో నేనెన్నడూ రాయలేదు. అది కూడా రాయదగిన సంగతేనని నాకు తెలియజేసినవాడు నా విద్యార్థి కొర్నేలి. ఇది అతని కథ. ఇందులో నాకు కూడా కొంత పాత్ర ఉంది. అది మెచ్చుకోదగినది కాదు.

అప్పటికి నేను భిలాయి ఉక్కునగరంలో సెక్టర్ 6లోని బడినుంచి విరమించి ఏడేళ్లు. నేనూ నా భార్య కామాక్షమ్మా రుఆబాంధా క్వార్టర్ల చివరి వరుసలో ఉంటున్నాం. మా ఇంట్లో మా పెళ్లినాటి కుక్కరు ఒకటి ఉంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని మూతకు పట్టే రబ్బరు సివిక్ సెంటర్‌లోని గిన్నెల దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు. కొత్త కుక్కరు కొనవచ్చు గదా అని మీరు అడగవచ్చు. మా ఆవిడ అడగనిచ్చే మనిషి కాదు. చివరికి ఫోనులో వెతికితే ఆ కొలత రబ్బరు ఒకచోట కనిపించింది. ఆర్డరు పెట్టాను. మంగళవారం సాయంత్రంలోగా అందుతుందని సమాచారం వచ్చింది.

ఆ మంగళవారం నేను ఇల్లు కదలడానికి వీలే లేదు. వీధి చివర మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఉదయంనుంచి వరండాలో పేముకుర్చీ వేసుకుని, గేటువైపు చూస్తూ, పాత సమాధానపత్రాల వెనక పేజీల మీద ఏవో రాసుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం ఆరున్నరకు ఫోను మోగింది. తెరమీద ఇలా ఉంది: "మీ పార్సిల్ అందజేయుటకు వచ్చాము. గ్రహీత ఇంట్లో అందుబాటులో లేరు."

నాకు కోపం రావడానికి చాలాసేపు పడుతుంది. అది తరగతిగదిలో అలవరచుకున్న గుణం. ఆ సాయంత్రం మాత్రం క్షణంలో వచ్చింది.

"పోనిద్దురూ. రేపు తెస్తాడు. రబ్బరు లేకపోతే గిన్నెలో వండుతాను" అంది మా ఆవిడ.

"రబ్బరు సంగతి కాదు. ఇంట్లో కూర్చున్న మనిషిని పట్టుకుని గైరుహాజరు వేశాడు."

"అయితే ఏటిప్పుడు? రేపు మీ నాన్నగారిని వెంటబెట్టుకు రమ్మన్నాడా?"

నేను నవ్వలేదు. ఫిర్యాదు రాసుకొనే గడి తెరిచాను. మూడువందల అక్షరాలకు మించకూడదట. నా జీవితంలో మూడువందల అక్షరాలలో ముగించిన విషయం ఏదీ లేదు. నాలుగుసార్లు కొట్టివేసి, అయిదోసారి గడిలో పట్టేటట్లు రాశాను. ఉదయంనుంచి నేను ఇంట్లోనే ఉన్నాననీ, లేనని రాయడం అసత్యమనీ, ఆలస్యానికి బాధ్యులెవరో తేల్చి నాకు తెలియజేయవలెననీ దాని సారాంశం. రాసినదాన్ని ఒకసారి బిగ్గరగా చదువుకున్నాను. విరామచిహ్నాలతో సహా నిర్దుష్టంగా ఉంది. పంపించాను.

గురువారం వాన వెలిసింది. మధ్యాహ్నం మూడు గంటలవేళ గేటు దగ్గర ఒక మోటారుసైకిలు ఆగింది. నీలం రంగు వానకోటు తొడుక్కున్న యువకుడు దిగి, కోటు విప్పి, బండిమీద ఆరవేసి, అప్పుడు లోపలికి వచ్చాడు. తడి కోటుతో వరండా ఎక్కకూడదనే మర్యాద ఇప్పటివాళ్లలో అరుదు.

"నమస్తే మాస్టారూ. కొర్నేలినండి. కేంప్ టూ. హార్వేగారబ్బాయిని."

"పార్సిల్ తెచ్చావా?"

"లేదండి. మీ కంప్లైంట్ తెచ్చాను."

కొర్నేలి గురించి ఇక్కడ కొంత చెప్పాలి. అతని తండ్రి హార్వే భీమిలి పక్కనుంచి ఎనభై ఒకటిలో భిలాయి వచ్చాడు. వాళ్ల ఊళ్లో పురుళ్లు పోసిన దొర డాక్టరు పేరు తల్లిదండ్రులు ఆయనకు పెట్టుకున్నారు. ప్లాంటులో ముడి ఇనుపరాయి దించే యార్డులో పని. వ్యాగన్లనుంచి రాయి పెద్ద బెల్టుల మీద పడి కొలిములవైపు పోతుంది. వాన పడితే రాయి బురదై బెల్టు జారుతుంది. అప్పుడు ఎవరో ఒకరు దాన్ని ఆపాలి. ఆపినవాడు లాగ్‌బుక్కులో తేదీ, వాతావరణం, గంట, కారణం రాసి, చివర తన పేరు రాయాలి. తరవాతి షిఫ్టువాడు అది చదివి, తన చేయి ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటాడు. పేరు రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. పేరు రాయకుండా ఆపినవాణ్ణి మాత్రం పిలిచి అడుగుతారు. హార్వే ముప్పయి ఏళ్లకు పైగా అలా రాశాడు. ఇంటికి వచ్చాక అదే సంగతిని చిన్న డైరీలో మళ్లీ రాసుకునేవాడు. పిల్లవాడు ఆ డైరీల మీదనే అక్షరాలు దిద్దుకున్నాడు.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకనాడు మా గది కిటికీ అద్దం పగిలింది. ఎవరని అడిగాను. నలభైమంది నేల చూపులు చూశారు. పీరియడు అయ్యాక బల్లమీద ఒక చీటీ కనిపించింది. "అద్దం నేనే పగలగొట్టాను. మూడో పీరియడు. పడమటి గాలి ఎక్కువగా ఉంది. కొర్నేలి." నేను అతన్ని కొట్టలేదు. పైగా ఆ చీటీని స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించి, భాష సంగతి అలా ఉంచండి, దీనిలోని నిజాయితీ చూడండి అని మెచ్చుకున్నాను. తప్పు ఒప్పుకొని, కారణం చెప్పి, పేరు రాస్తే ఏ కీడూ జరగదని ఆ పిల్లవాడికి తండ్రి ఒకసారి నేర్పితే, నేను రెండోసారి నేర్పాను.

ఐటీఐ చదివాడు. ప్లాంటులో ఏడాది అప్రెంటిస్‌గా చేశాడు. ఆ ఏడాది గడిచాక గేటు పాసు వెనక్కి తీసుకున్నారు. కాంట్రాక్టరు దగ్గర రెండేళ్లు గొట్టాలు మోశాడు. రెండువేల పద్దెనిమిదిలో పార్సిళ్లు పంచే పనిలో చేరాడు. ఆ పనిలో అతనికి మంచి పేరు వచ్చింది. ఏ వీధిలో క్వార్టరు నంబర్లు వెనకనుంచి ముందుకు నడుస్తాయో, ఏ ఇంట్లో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి ఉన్నాడో, ఎక్కడ హారను కొట్టకూడదో అతనికి తెలుసు. షీబాను పెళ్లి చేసుకున్నది కూడా ఈ ఉద్యోగం వచ్చాకనే. కంపెనీ ఇచ్చిన ఐడీ ఉదయం ఫోనులో తెరుచుకుంటే ఆ పూట పని ఉన్నట్టు. తెరుచుకోకపోతే లేనట్టు. అంతకుమించి నియామకపత్రం అంటూ ఏదీ లేదు.

"మంగళవారం ఏమైందిరా?" అని అడిగాను.

"నలభై ఒక్క పార్సిళ్లు ఎత్తుకున్నానండి. ఇరవై రెండు ఇచ్చేశాను. రెండూ పదికి మీ వైపు వస్తుంటే ఆ కల్వర్టు లేదండీ, దానిమీంచి నీళ్లు పోతన్నాయి. ఓ మనిషి దాటుతుంటే నిలబడి చూశాను. ఆయనకి నడుం దాకా వచ్చినాయి. సరే అని వెనక్కి తిరిగితే, నేనొచ్చిన దారిలో నాలా కాలవ కూడా పొంగి రోడ్డెక్కేసింది. ఇటు లేదు, అటు లేదు. బీచ్ మే ఫంస్ గయా, మధ్యలో ఇరుక్కుపోయాను."

"మరి?"

"బస్ షెల్టరు ఉంది కదండీ, దాంట్లో నిలబడ్డాను. అయిదున్నర దాకా. సంచీ కింద పెడదామంటే కింద నీళ్లు. భుజానే ఉంచుకున్నాను. కుక్క ఒకటి నాతోపాటు బెంచీ ఎక్కింది. దానికి ఏ టెన్షనూ లేదు."

ఫోను తీసి చూపించాడు. పార్సిల్ ఇవ్వలేకపోతే కారణం నొక్కాలట. నాలుగు గడులు ఉన్నాయి. గ్రహీత అందుబాటులో లేరు. గ్రహీత తిరస్కరించారు. చిరునామా తప్పు. ఏజెంటు ప్రయత్నించలేదు. నేను తెరను పైకి, కిందికి జరిపి చూశాను.

"వాన ఎక్కడుంది?"

"వాన లేదండి."

ఆ నాలుగింటిలో ఏది నొక్కినా ఒక మనిషి మీద పడుతుంది. మొదటి మూడూ తెప్పించుకున్నవాడి మీద, నాలుగోది తెచ్చినవాడి మీద. అతను మూడు గంటలకు పైగా ఆ షెల్టరులో నిలబడి ఏదీ నొక్కలేదు. సాయంత్రం నీరు తగ్గాక పంతొమ్మిది పార్సిళ్లూ పొడిగా హబ్బుకు చేర్చాడు. హబ్బు అంటే వాళ్ల పేట కేంప్ 2 వెనక రోడ్డుమీద పార్సిళ్లు నిలవచేసే ఒక రేకుల షెడ్డు. కారణం నొక్కనిదే ఆనాటి లెక్క మూసుకోదు కాబట్టి, అక్కడి ఇంచార్జి విక్రమ్ పంతొమ్మిదింటికీ మొదటి గడి నొక్కాడు. ఆ విధంగా, మనిషి గుమ్మం దాటలేని వానలో రుఆబాంధాలో పంతొమ్మిది కుటుంబాలు ఏకకాలంలో ఇల్లు విడిచి వెళ్లిపోయాయి. తక్కిన పద్దెనిమిది కుటుంబాలు ఊరుకున్నాయి. బాధ్యులెవరని అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఇప్పుడు కంపెనీ నన్నడుగుతోందండి" అన్నాడు కొర్నేలి. "గ్రహీత ఇంట్లో లేరని కన్ఫర్మ్ చేస్తున్నారా, అవునా, కాదా అని. ఇవాళ సాయంత్రం అయిదింటిలోగా చెప్పాలి. అవునంటే మీ కంప్లైంట్ బంద్. కాదంటే ఏం జరిగిందో రాయాలి."

"విక్రమ్ ఏమన్నాడు?"

"ఏమంటాడండీ, 'హాఁ దబా దే యార్' అన్నాడు. అవునని నొక్కేద్దును. అడ్రసు చూశాను. మీ పేరుంది. మీరు ఇంట్లో లేరని నేనెలా నొక్కుతానండీ? మీ ఎదురుగా నాలుగేళ్లు 'హాజరు సార్' అన్నోణ్ణి."

అతను రాసి తెచ్చిన కాగితం చూపించాడు. హిందీలో ఉంది. దాన్ని తెలుగు చేస్తే ఇలా అవుతుంది: "14-9-2021, మంగళవారం. ఎడతెగని వాన, గాలి లేదు. మధ్యాహ్నం 2-10కి రుఆబాంధా కల్వర్టు మీద నీరు నడుము లోతు. బండి నేనే ఆపాను. ఆపాలన్న నిర్ణయం నాది. పార్సిళ్లు 19, అన్నీ పొడిగా ఉన్నాయి. గ్రహీత ఇంట్లోనే ఉన్నారు. కొర్నేలి."

నాకు ఆ చీటీ, ఆ పగిలిన అద్దం గుర్తుకొచ్చాయి. ఒక్క పదం ఎక్కువ లేదు, ఒక్క పదం తక్కువ లేదు. పదేళ్లకు ఒక విద్యార్థి తిరిగివచ్చి ఇటువంటి రచన చేతిలో పెడితే ఉపాధ్యాయుడికి కలిగే గర్వం ఎంతటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆ గర్వంలో నేను ఇంకేమీ చూడలేదు.

మా ఆవిడ టీ గ్లాసు అతని చేతికిస్తూ, కాగితం చదివించుకుని విన్నది. "బాబూ, 'నిర్ణయం నాది' అన్నమాట ఉండాలేటి? నీళ్లున్నాయి, రాలేకపోయాను అంటే సరిపోదూ?"

"అదే అసలు మాట" అన్నాను నేను. "అది తీసేస్తే ఇక ఇందులో ఏముంది? ఒక్క అక్షరం మార్చకురా."

"నాన్న కూడా అదే అన్నాడండి" అన్నాడు కొర్నేలి నవ్వుతూ. మా వరండాలోనే కూర్చుని, టీ చల్లారేలోగా, ఆ మాటలన్నీ ఫోనులో ఎక్కించి పంపించాడు. వెళ్లేటప్పుడు ఆరిన కోటు మడతపెట్టుకుంటూ, "రబ్బరు నేనే తెచ్చి ఇస్తానండి, అమ్మగారూ" అని కూడా అన్నాడు.

శుక్రవారం ఉదయం తొమ్మిదికి అతని ఐడీ తెరుచుకోలేదు. ఏజెంటు స్వయంగా ఒప్పుకున్నందున నాలుగో గడి నమోదైంది, ఐడీ శాశ్వతంగా నిలిపివేశాము అని వచ్చింది. అదే గంటకు నాకు కూడా ఒక సమాచారం వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. బాధ్యులపై చర్య తీసుకొనబడినది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" ఇటువంటి 'బడు'లను నా తరగతిలో నేను సాగనిచ్చేవాణ్ణి కాను. ఆ ఉదయం మాత్రం దిద్దడానికి చేయి రాలేదు.

శనివారం నేను, హార్వే, కొర్నేలి ఆటోలో హబ్బుకు వెళ్లాం. హార్వే తెల్లచొక్కా తొడుక్కుని, చంకలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన పాత డైరీ పెట్టుకున్నాడు.  షెడ్డులో కింద పార్సిళ్ల గుట్టలు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి, ఆ దారి చివర బల్ల, బల్ల వెనక విక్రమ్. ఇరవై ఆరేళ్లుంటాయేమో. బల్లకూ గోడకూ మధ్య అతను ఎంత ఇరుకుగా కూర్చున్నాడంటే, లేచి నిలబడడానికి బల్లను ముందుకు తోయవలసి వచ్చింది.

"కూర్చోండి సర్‌జీ. నేను కూడా తెలుగోణ్ణే. చదవడం రాదు, బస్, అంతే" అన్నాడు. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు.

హార్వే డైరీ తెరిచి బల్లమీద పెట్టాడు. "ఇది సూడు బాబూ. తొంభై నాలుగు జులై. వాన. బెల్టు నాను ఆపినాను అని రాసినాను. కింద నా పేరు. ఆపినోడు పేరు రాసుకుంటే, తరవాత షిప్టువోడు దైర్నంగా సెయ్యెడతాడు. పేరు లేకపోతేనే బయం. అది నేరం కాదు బాబూ. కాపలా."

విక్రమ్ మర్యాదగా పేజీ వైపు చూశాడు. "అంకుల్, మీ బుక్కు చదవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇక్కడ ఎవరు చదువుతారు? 'మేరా నిర్ణయ్' అన్న మాట మిషన్ పట్టుకుంది. అంతే. నాలుగో గడిలో పడేసింది. నేను వీడికి చెప్పాను, హాఁ నొక్కు అని. నొక్కితే ఏమయ్యేది? సర్‌జీ ఇంట్లో లేనట్టు అయ్యేది. సర్‌జీకి ఏం నష్టం?"



"వాన పడిందని నువ్వు రాయొచ్చు కదా పైకి" అన్నాను.

అతను తన తెరను మావైపు తిప్పాడు. ఒక మూల ఆకుపచ్చ అంకె ఉంది. "ఇది మా హబ్బు మార్కు, తొంభై అయిదు కిందికి వస్తే లాల్ అవుతుంది సర్, ఎరుపు. మూడుసార్లు లాల్ అయితే నా ఐడీ పోతుంది. నాకున్నవి కూడా ఈ నాలుగు కారణాలే. పైవాళ్లకి కూడా ఇవే ఉంటాయి అనుకుంటా. నేనెప్పుడూ పైకి పోలేదు."

కొర్నేలి అంతవరకూ తలుపు దగ్గరే నిలబడ్డాడు. "పోనీ భయ్యా, ఆ కల్వర్టు కట్టినోడి ఐడీ కూడా ఆపేయించు" అన్నాడు. విక్రమ్ నవ్వాడు. పార్సిళ్లు ఏరుకుంటున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. హార్వే నవ్వలేదు. డైరీ మూసి మళ్లీ ప్లాస్టిక్ కవరులో చుట్టసాగాడు. కవరు చుట్టడానికి అంతసేపు పట్టకూడదు.

ఇంటికి వచ్చి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని కంపెనీకి ఫోను చేశాను. వస్తువు అందితే ఒకటి నొక్కమంది, అందకపోతే రెండు నొక్కమంది. ఫిర్యాదు చేసినందుకు పశ్చాత్తాపపడేవాడు ఏది నొక్కాలో చెప్పలేదు. నలభై నిమిషాల తరవాత ఒక అమ్మాయి గొంతు వినిపించింది. నేను చెప్పినదంతా ఓపికగా విన్నది. నిజానికి అంత ఓపికగా నా భాషణ విన్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు.

"సర్, మీ కంప్లైంట్ మీకు అనుకూలంగానే క్లోజ్ అయిందండి" అంది.

"అదే వద్దంటున్నానమ్మా."

"మీరు గెలిచారు సర్. గెలిచింది వెనక్కి తీసుకోవడానికి నా దగ్గర ఆప్షన్ లేదండి."

సోమవారం ఒక కొత్త మనిషి వచ్చి రబ్బరు ఇచ్చిపోయాడు. నేను సంతకం పెట్టాను. మా ఆవిడ మూతకు దాన్ని బిగించి అన్నం వండింది. కుక్కరు చక్కగా కూత పెట్టింది. పళ్లెం ముందు పెడుతూ, "తినండి. ఇంట్లోనే ఉన్నారు కదా" అంది.

ఆ తరవాతి ఏడాదిలో నేను కొర్నేలిని నాలుగైదుసార్లు చూశాను. అదే పేరుతో, అదే ఆధారుతో వేరే చోట దరఖాస్తు పెట్టుకుంటే, పాత చోట ఐడీ ఎందుకు ఆగిందని అడుగుతున్నారట. కారణం రాయడానికి అక్కడ కూడా గడులే ఉన్నాయట. ఉదయం తొమ్మిదయ్యేసరికి అలవాటు చొప్పున ఫోను తెరిచి చూసేవాడని, తెరుచుకోదని తెలిసి కూడా చూసేవాడని షీబా మా ఆవిడతో చెప్పింది. తయారై వాకిట్లోకి వచ్చి, బండి తుడిచి, మళ్లీ లోపలికి వెళ్లేవాడట. రెండు గదుల ఇంట్లో పొద్దస్తమానం ముగ్గురు మనుషులు. అందులో తండ్రీకొడుకులు ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రాకుండా తప్పుకుని తిరగడం.

హార్వేను ఒకసారి చర్చి బయట కలిశాను. "నానే సెడగొట్టినాను మాస్టారూ" అన్నాడు. "నాలుగు అబద్దాలు నేర్పినా బాగుండును. ఇప్పుడేటి సెప్పడానికైనా నోరు రాదు." నాదే ఎక్కువ తప్పని నేనన్నాను. తప్పు నాదంటే నాదని ఇద్దరు ముసలివాళ్లం ఎండలో కాసేపు వాదించుకున్నాం. ఎవరిదని తేలినా ఆ ఐడీ తెరుచుకునేది కాదు. డైరీలన్నీ అటకమీద పడేశానని వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

రెండువేల ఇరవై రెండు అక్టోబరులో కొర్నేలి నాగపూర్ వెళ్లిపోయాడు. అక్కడ ఒక గోడౌనులో మూటలు మోసే పని. షీబా తరవాత వెళ్లింది. వెళ్లేముందు నన్ను చూడడానికి వచ్చాడు గాని, ఆ గురువారం సంగతి ఎత్తలేదు. నేను ఎత్తబోతే, "అమ్మగారూ, కుక్కరు బాగా పనిచేస్తోందాండీ?" అని అటు తిరిగాడు.

నేను ఎంత వెతికినా ఆ కాగితంలో తప్పు కనిపించదు. మంగళవారం వానలో ఒక మనిషి చేయవలసిన పని అతను చేశాడు, గురువారం రాయవలసిన మాట రాశాడు. ఒక్క అక్షరం మార్చవద్దన్నవాణ్ణి నేను. మా ఆవిడ మార్చమన్నది. ఆమె ఏడో తరగతితో చదువు మానేసింది.

దాదాపు మూడేళ్లకు, మొన్న ఆగస్టు మొదటివారంలో, తపాలాలో అతని ఉత్తరం వచ్చింది. దాని తరవాత మరొకటి ఇంకా రాలేదు. తెలుగులోనే రాశాడు. ఎర్ర సిరా కలం పక్కనే ఉన్నా నేను దాన్ని ముట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను.

నాగపూర్
26-7-2025, శనివారం. పొద్దున్న నుంచి వాన. గాలి లేదు.

మాస్టారుగారికి, అమ్మగారికి కొర్నేలి నమస్కారాలు.

తెలుగు రాసి చాలా రోజులయింది. తప్పులుంటే ఎర్ర గీత పెట్టకండి. షీబా, పాప బాగున్నారు. పాప హిందీ మరాఠీ మాట్లాడుతుంది. తెలుగులో నాలుగు మాటలొచ్చు, అందులో ఒకటి వాన.

నేను ఇప్పుడు మూటలు మొయ్యట్లేదు. షిఫ్ట్ ఇంచార్జిని. కంపెనీ వేరే, యాప్ వేరే. కారణాలు మాత్రం ఇక్కడ కూడా నాలుగే. నా బల్ల విక్రమ్ భయ్యా బల్లలాగే ఉంది. లేవాలంటే ముందుకు తొయ్యాల.

మీకు ఒకటి చెప్పాలి. మొదటి సంవత్సరం నేను కూడా అదే నొక్కాను. వాన పడినప్పుడల్లా ఊళ్లో ఎవరూ ఇంట్లో లేరని నొక్కాను. నొక్కినప్పుడల్లా మీరు వరండాలో కూర్చున్నట్టు కనపడేది. అయినా నొక్కాను. నా కింద ముప్పై మంది కుర్రోళ్లు ఉన్నారు, వాళ్ల ఐడీలు ఉండాలి కదా.

పోయిన సంవత్సరం రెండొందల పేజీల రిజిస్టరు కొన్నాను. నాన్న డైరీలాగ గీతలు కొట్టాను. తేదీ, వాతావరణం, గంట, ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు. ఎవడు ఆపాడు అనే చోట మాత్రం కుర్రోళ్ల పేరు రాయనివ్వను. అక్కడ నా పేరు రాస్తాను. పొద్దున్నే అందరికీ చెప్పేస్తాను, నీళ్లు మోకాలు దాటితే ఆగిపొండి, ఆపింది నేను అని. ఆ రిజిస్టరు ఎవరూ అడగలేదు. అది ఎక్కడికీ పోదు. బల్ల సొరుగులోనే ఉంటాది.

పోయిన వారం ఒక కుర్రోడి మీద కంప్లైంట్ వచ్చింది. అచ్చం మీరు రాసినట్టే రాశారు ఎవరో, బాధ్యులు ఎవరు అని. కుర్రోడికి నాలుగో గడి పడిపోతుంది అనగా ఆ పేజీ ఫొటో తీసి పైకి పంపించాను. ఫోన్ వచ్చింది. ఈ పేరు ఎవరిది అని అడిగారు. నాదే అన్నాను. నిన్ను ఎవరు ఆపమన్నారు అని అడిగారు. ఎవరూ అనలేదు, నిర్ణయం నాది అన్నాను. అనేశాక నాకే నవ్వొచ్చింది మాస్టారూ. మళ్లీ అదే మాట.

కుర్రోడి ఐడీ తెరుచుకుంది. నన్ను సోమవారం ఆఫీసుకి రమ్మన్నారు.

మీరు నాన్నని కలిస్తే రిజిస్టరు సంగతి చెప్పండి. డైరీలు అటక మీంచి దింపమనండి. సోమవారం సంగతి చెప్పకండి.

ఇప్పుడు బయట పదకొండు మంది ఉన్నారు. ఇద్దరు ఏదో నాలా దగ్గర ఆగిపోయామని ఫోన్ చేశారు. ఆగమన్నాను. రిజిస్టరులో రాసి, తరవాత ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మగారూ, కుక్కరు రబ్బరు రెండేళ్లకోసారి మార్చాలంట, ఇక్కడ ఒకాయన చెప్పారు. మీది నాలుగేళ్లు అవుతోంది. మార్చండి. వాన తగ్గాక ఆర్డరు పెట్టండి.

మీ విద్యార్థి
కొర్నేలి